పదోన్నతి ప్రతిభకా, సీనియారిటీకా? భారత పరిపాలనా చరిత్రలో ఒక పాత వివాదం

5.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఈస్టిండియా కంపెనీ కాలంలో సీనియారిటీ సూత్రం ఎందుకు పుట్టిందో వివరించగలుగుతారు.
• బెంగాల్ సైన్యం అనుభవం ఆధారంగా ఆ సూత్రంలోని లోపాలను చెప్పగలుగుతారు.
• స్వతంత్ర భారతదేశంలో న్యాయస్థానాలు ప్రతిభ, సీనియారిటీల మధ్య గీసిన సరిహద్దును గుర్తించగలుగుతారు.
• "ప్రతిభను ఎవరు నిర్ణయించాలి?" అనే ప్రశ్న ఈ వివాదానికి ఎందుకు మూలమో విశ్లేషించగలుగుతారు.

5.1 పరిచయం

మీలో చాలామంది ఉద్యోగం చేస్తూనే ఈ డిగ్రీ చదువుతున్నారు. ప్రభుత్వ కార్యాలయంలో, పోలీసు శాఖలో, ఆర్టీసీ డిపోలో, బ్యాంకులో పనిచేసేవారికి 'సీనియారిటీ జాబితా' అనే మాట కొత్త కాదు. ఆ జాబితా గోడకు అంటించిన రోజున ఆఫీసులో మరో పని జరగదు. ఇరవై ఏళ్లు పనిచేసిన ఉద్యోగి, "నా తరువాత చేరినవాడు నాకు పై అధికారి ఎలా అవుతాడు?" అని అడుగుతాడు. పని బాధ్యతగా చేసే యువ ఉద్యోగి, "ఫైలు కదల్చనివారికి కూడా వంతు వచ్చిందని ప్రమోషన్ ఇస్తే నేను కష్టపడటం ఎందుకు?" అని అడుగుతాడు. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది.

ఈ వివాదాన్ని నీతి చర్చగా మొదలుపెడితే ఎటూ తేలదు. చరిత్రగా చూస్తే మాత్రం ఒక విషయం స్పష్టమవుతుంది. సీనియారిటీ సూత్రం సోమరుల కోసం పుట్టింది కాదు. ప్రతిభా సూత్రం సీనియర్లను అవమానించడానికి పుట్టిందీ కాదు. రెండూ ఒకే భయం నుంచి పుట్టాయి. పైనున్నవారు తమ వారికి, తమకు నచ్చిన వారికి పదవులు పంచిపెడతారనేదే ఆ భయం. ఆ పంపకాన్ని ఆపడానికి ఒక కాలంలో సీనియారిటీని, మరొక కాలంలో ప్రతిభను ఆశ్రయించారు. కొన్ని సందర్భాలలో ఆ రెండింటిలో ఒకటి ఆశ్రితపక్షపాతానికే ముసుగుగా కూడా మారింది. ఈ క్రమాన్ని రెండు శతాబ్దాల భారత పరిపాలనా చరిత్రలో పరిశీలించడమే ఈ భాగం ఉద్దేశం.

ముందుగా రెండు పదాలను గుర్తుంచుకోండి. ఒక హోదాలో ఎవరు ముందు చేరారో, ఎంతకాలం పనిచేశారో దాన్ని బట్టి ఏర్పడే వరుస సీనియారిటీ. పై పదవి బాధ్యతలను నిర్వహించగల సామర్థ్యం ప్రతిభ. మొదటిదాన్ని క్యాలెండరు చెబుతుంది. రెండోదాన్ని మనిషి చెప్పాలి. వివాదమంతా ఈ తేడాలోనే ఉంది.

5.2 కంపెనీ కొలువు: సీనియారిటీ ఎందుకు వచ్చింది?

ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పాటు చేసుకున్నారు. అప్పటికి కంపెనీ ఉద్యోగులు పరిపాలకులు కారు, వర్తక గుమాస్తాలు. కాలక్రమంలో వారి హోదాలు రైటర్, ఫ్యాక్టర్, జూనియర్ మర్చంట్, సీనియర్ మర్చంట్ అనే వరుసలో స్థిరపడ్డాయి. కింది మెట్టు మీద నిర్ణీత కాలం గడిపినవారు పై మెట్టుకు వెళ్లేవారు. 1744లో మద్రాసుకు వచ్చిన రాబర్ట్ క్లైవ్ కూడా రైటరుగానే కొలువులో చేరాడు.

జీతాలు స్వల్పంగా ఉన్నంతకాలం ఈ వరుస గురించి ఎవరికీ పెద్దగా పట్టింపు లేదు. అసలు సంపాదన సొంత వ్యాపారంలో ఉండేది. 1757 ప్లాసీ, 1764 బక్సార్ యుద్ధాల తరువాత, 1765లో బెంగాల్ దివానీ హక్కులు కంపెనీకి దక్కిన తరువాత పరిస్థితి మారింది. రెవెన్యూ, న్యాయ పదవులు డబ్బు కురిపించే పదవులయ్యాయి. లండన్‌లోని డైరెక్టర్లు, పార్లమెంటు సభ్యులు, ప్రభువంశీకులు తమ బంధువుల కోసం సిఫారసు ఉత్తరాలు పంపేవారు. నిన్న ఓడ దిగిన కుర్రవాడు పెద్ద పదవిలో కూర్చోవడం, ఏళ్ల తరబడి ఇక్కడి ఎండలో పనిచేసినవాడు అక్కడే మిగిలిపోవడం జరిగేది.

ఈ దుస్థితికి విరుగుడుగా చట్టంలోకి వచ్చిందే సీనియారిటీ. 1784 పిట్ ఇండియా చట్టం పదోన్నతులలో సాధారణంగా సీనియారిటీ క్రమాన్ని పాటించాలని చెప్పింది. 1793 చార్టర్ చట్టం మరో అడుగు ముందుకు వేసింది. ఒక ప్రెసిడెన్సీలో ఏర్పడే సివిల్ ఖాళీలను ఆ ప్రెసిడెన్సీలోని ఒప్పంద ఉద్యోగులతోనే నింపాలని నిర్దేశించింది. ఏడాదికి 500 పౌండ్లకు మించిన ఆదాయం గల పదవికి కనీసం 3 సంవత్సరాల సర్వీసు ఉండాలని, పదవి విలువ పెరిగేకొద్దీ సర్వీసు కూడా పెరగాలని షరతులు పెట్టింది. 1786లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన కారన్‌వాలీస్ ఉద్యోగుల సొంత వ్యాపారాన్ని అరికట్టి, జీతాలు పెంచి, సిఫారసులను తిరస్కరించడంలో పేరు తెచ్చుకున్నాడు. ఆయన పరిపాలన ముగిసిన ఏడాదే ఈ చార్టర్ చట్టం వచ్చింది.

ఇక్కడ మీరు గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ నిబంధనల ఉద్దేశం అనుభవాన్ని గౌరవించడం మాత్రమే కాదు. గవర్నరు చేతుల్ని కట్టివేయడం వాటి ముఖ్య ఉద్దేశం. తేదీని ఎవరూ మార్చలేరు. తేదీకి సిఫారసు ఉత్తరం రాసి ప్రయోజనం లేదు. సీనియారిటీ బలమంతా అందులోనే ఉంది.

అయితే ఈ జాబితాకు ఒక ప్రహరీగోడ ఉంది. కారన్‌వాలీస్ వ్యవస్థలో ఉన్నత పదవులు యూరోపియన్లకే పరిమితమయ్యాయి. ఎంత అనుభవం ఉన్నా, ఎంత సమర్థుడైనా భారతీయుడు ఆ జాబితాలోనే లేడు. సీనియారిటీ అనేది జాబితాలో ఉన్నవారి మధ్య న్యాయం మాత్రమే. జాబితాలో ఎవరుండాలో అది చెప్పదు.

ప్రతిభను కొలిచే తొలి ప్రయత్నాలలో ఒకటి తెలుగు భాషతో ముడిపడి ఉంది. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల ఏర్పడింది. కొత్తగా వచ్చిన సివిల్ ఉద్యోగులు అక్కడ తెలుగు, తమిళం వంటి భాషలు నేర్చి పరీక్షలో నెగ్గవలసి వచ్చేది. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం వెలువడినది ఈ కళాశాల అవసరాల కోసమే. 1817లో మద్రాసు చేరిన సి.పి. బ్రౌన్ తెలుగులో తొలి పాఠాలు నేర్చింది కూడా ఇక్కడే. కాలం గడిచినంత మాత్రాన చాలదని, ప్రజల భాష వచ్చి తీరాలని ఒక కనీస ప్రమాణం అలా ఏర్పడింది. ఈ 'కనీస ప్రమాణం' అన్న ఆలోచనను గుర్తుపెట్టుకోండి. 5.6లో మళ్లీ దానితో పని ఉంటుంది.

5.3 బెంగాల్ సైన్యం: సీనియారిటీకి చెల్లించిన మూల్యం

సీనియారిటీని చివరి అంచుదాకా తీసుకువెళితే ఏమవుతుందో కంపెనీ బెంగాల్ సైన్యం చూపించింది. అక్కడ సిపాయి నుంచి నాయక్, హవల్దారు, జమేదారు, సుబేదారు వరకు పదోన్నతి దాదాపు పూర్తిగా సీనియారిటీ మీదనే జరిగేది. ఒక సిపాయి జమేదారు కావడానికి దశాబ్దాలు పట్టేది. సుబేదారు అయ్యేసరికి చాలామందికి వయసు అరవై దగ్గరపడేది. ఎండలో కవాతు చేయించగల వయసు దాటిపోయాక నాయకత్వం చేతికి వచ్చేది. ఇంకోవైపు చురుకైన యువ సిపాయికి ముందుకు వెళ్లే దారి కనిపించేది కాదు. మద్రాసు, బొంబాయి సైన్యాలలో ప్రతిభకు, దళాధిపతి విచక్షణకు ఇంతకంటే ఎక్కువ చోటుండేది. బొంబాయి సైన్యంలో పనిచేసిన జాన్ జాకబ్, బెంగాల్ సైన్యాన్ని దగ్గరగా ఎరిగిన హెన్రీ లారెన్స్ వంటివారు 1857కు ముందే ఈ లోపాన్ని ఎత్తిచూపారు.

1857 మార్చి 29న బారక్‌పూర్‌లో జరిగిన సంఘటన ఈ వ్యవస్థ బిగువును చక్కగా చూపుతుంది. మంగళ్ పాండే ఆంగ్ల అధికారుల మీద తిరగబడినప్పుడు షేక్ పల్టూ అనే సిపాయి అతన్ని పట్టుకుని అడ్డుకున్నాడు. జనరల్ హియర్సే అక్కడికక్కడే అతన్ని హవల్దారుగా ప్రమోట్ చేశాడు. దానికి ప్రభుత్వం నుంచి జనరల్‌కు వచ్చింది మెచ్చుకోలు కాదు, అధికార పరిధి దాటావన్న మందలింపు. తమ పక్షాన ప్రాణానికి తెగించి నిలిచిన మనిషికి ఒక మెట్టు ఎక్కువ ఇచ్చే అధికారం జనరల్‌కు కూడా లేదన్నమాట.

అయితే ఒక జాగ్రత్త అవసరం. 1857 తిరుగుబాటుకు పదోన్నతి విధానమే కారణమని తేల్చడం తప్పు. అవధ్ ఆక్రమణ, భూమి శిస్తు విధానాలు, మతపరమైన ఆందోళన, తూటాల వివాదం, భత్యాల కోత వంటి అనేక కారణాలున్నాయి. భారతీయుడు ఎంత ఎదిగినా సుబేదార్ మేజరు దగ్గర ఆగిపోవడం, నిన్న వచ్చిన ఆంగ్ల యువకుడు అతనికి పై అధికారి కావడం ఇంకా పెద్ద అన్యాయం. దీన్నిబట్టి మనం గ్రహించవలసింది ఇంతవరకే: సీనియారిటీ పక్షపాతాన్ని ఆపింది, కాని దానితోపాటు ఉత్సాహాన్ని కూడా ఆపింది.

అదే కాలంలో బ్రిటిష్ రాజు సైన్యంలో అధికారి పదవులను డబ్బుకు కొనుక్కునే పద్ధతి ఉండేది. ధనికుడైన జూనియర్ పేద సీనియర్‌ను దాటిపోయేవాడు. ఆ పద్ధతి 1871లోగాని రద్దు కాలేదు. కంపెనీ సైన్యంలోని ఆంగ్ల అధికారులు తమ సీనియారిటీ పద్ధతిని అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నారో దీన్ని బట్టి అర్థమవుతుంది. వారికి దానికి ప్రత్యామ్నాయంగా కనిపించింది ప్రతిభ కాదు, డబ్బు సంచి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. 1793 చార్టర్ చట్టం పదవులకు సర్వీసు కాలాన్ని ఎందుకు ముడిపెట్టింది?
2. షేక్ పల్టూ ఉదంతం బెంగాల్ సైన్యం పదోన్నతి విధానం గురించి ఏమి తెలుపుతుంది?

5.4 పోటీ పరీక్ష, ట్రెవెల్యాన్ నివేదిక

1853 చార్టర్ చట్టం సివిల్ సర్వీసు నియామకాలలో డైరెక్టర్ల సిఫారసు హక్కును తొలగించింది. మెకాలే అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1854లో పోటీ పరీక్ష పద్ధతిని రూపొందించింది. 1855లో లండన్‌లో తొలి పరీక్ష జరిగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రిటన్ స్వదేశీ పరిపాలన మీద స్టాఫోర్డ్ నార్త్‌కోట్, చార్లెస్ ట్రెవెల్యాన్‌ల నివేదిక వెలువడింది. ట్రెవెల్యాన్ మనకు పరాయివాడు కాదు. యౌవనంలో భారతదేశంలో కంపెనీ ఉద్యోగి, మెకాలేకు బావమరిది, 1859లో మద్రాసు గవర్నరు. నాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆయన పాలన కిందే ఉండేవి. ప్రభుత్వ పన్నుల ప్రతిపాదనపై తన నిరసనను బహిరంగపరిచినందుకు మరుసటి ఏడాదే ఆయనను వెనక్కి పిలిపించారు.

ఈ నివేదిక నియామకం పరీక్ష ద్వారా, పదోన్నతి ప్రతిభ ద్వారా జరగాలని కోరింది. గుమాస్తాగా చేరినవాడు ఏమీ చేయకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ జీతం పెరగడాన్ని తీవ్రంగా విమర్శించింది. కాని ఆ నివేదిక రాసినవారే ఒక వాస్తవాన్ని దాచకుండా చెప్పారు. ప్రతిభ పేరిట పదోన్నతి అంటే ఉద్యోగులకు నమ్మకం లేదని, అది ఆశ్రితపక్షపాతానికి పెట్టుకున్న మరో పేరుగానే వారు చూస్తారని అంగీకరించారు. నియామకంలో సిఫారసు పోతే తప్ప పదోన్నతిలో ప్రతిభ అన్న మాటకు విలువ రాదని వారి వాదం.

ఈ వాదంలో బలం ఉంది, బలహీనత కూడా ఉంది. పరీక్షలో అభ్యర్థి రాసిన సమాధాన పత్రం ఉంటుంది. దిద్దేవారికి రాసినవారెవరో తెలియనవసరం లేదు. కాని పదేళ్ల ఉద్యోగ జీవితానికి అలాంటి సమాధాన పత్రం ఉండదు. దాన్ని దిద్దేది నిత్యం ఎదురుగా కూర్చునే పై అధికారి. అతనికి ఉద్యోగి పేరు, ఊరు, కులం, మాటతీరు అన్నీ తెలుసు. నియామకంలో ప్రతిభను కొలవడం, పదోన్నతిలో ప్రతిభను కొలవడం ఒకే పని కాదు.

5.5 బిహారీలాల్ గుప్తా: వంతు వచ్చినా అధికారం రాని అధికారి

పోటీ పరీక్ష తలుపు తెరిచాక జాబితా చుట్టూ ఉన్న గోడకు బీటలు పడ్డాయి. 1863లో సత్యేంద్రనాథ్ ఠాగూర్ ఐసీఎస్‌కు ఎంపికైన తొలి భారతీయుడయ్యాడు. 1869లో సురేంద్రనాథ్ బెనర్జీ, రమేశ్‌చంద్ర దత్, బిహారీలాల్ గుప్తా పరీక్షలో నెగ్గారు. ఒకసారి జాబితాలోకి వచ్చాక సీనియారిటీ వారిని మెట్టు మెట్టుగా పైకి తీసుకువెళ్లసాగింది. అక్కడే పాలకులకు ఇబ్బంది మొదలైంది.

కలకత్తాలో ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటుగా పనిచేసినప్పుడు గుప్తాకు యూరోపియన్ నిందితులను విచారించే అధికారం ఉండేది. అంతకంటే పెద్ద పదవిలో జిల్లాకు వెళితే ఆ అధికారం పోతుంది. ఎందుకంటే జిల్లాలలో యూరోపియన్లను విచారించే అధికారం యూరోపియన్ న్యాయాధికారులకే ఉండేది. పదోన్నతితో పాటు అధికారం తగ్గిపోయే ఈ వింతను ఆయన 1882లో ప్రభుత్వం దృష్టికి తెచ్చాడు. అదే 1883 ఇల్బర్ట్ బిల్లుకు దారితీసింది. యూరోపియన్ల ఆందోళన ఫలితంగా 1884లో చట్టాన్ని పలుచన చేసి, యూరోపియన్ నిందితుడు సగం మందికి తగ్గకుండా యూరోపియన్లు లేదా అమెరికన్లు ఉన్న జ్యూరీని కోరే హక్కు కల్పించారు.

ఆందోళన చేసినవారు గుప్తా చదువును ప్రశ్నించలేకపోయారు. ఆయన వారి పరీక్షలోనే నెగ్గాడు. కాబట్టి భారతీయులకు 'స్వభావరీత్యా' అర్హత లేదన్నారు. రమేశ్‌చంద్ర దత్ 1894లో డివిజన్ కమిషనర్ స్థాయికి చేరిన తొలి భారతీయుడైనా, ఆ పదవిని తాత్కాలికంగా నిర్వహించాడే తప్ప స్థిరంగా పొందలేదు. 1897లో ఉద్యోగం విడిచిపెట్టాడు.

ఈ ఘట్టం మన అంశానికి కీలకం. ప్రతిభను తూచే తక్కెడ పాలకుడి చేతిలో ఉన్నప్పుడు, బలహీనుడికి ఆసరా అయ్యింది సీనియారిటీయే. తేదీకి రంగు లేదు. అణచివేతకు గురైన వర్గాలవారు చరిత్రలో పలుమార్లు 'ప్రతిభ' అన్న మాటను అనుమానంగా చూడటానికి, లిఖితపూర్వకమైన వరుసను పట్టుకుని ఉండటానికి కారణం ఇదే.

5.6 స్వతంత్ర భారతదేశం: రెండు సూత్రాలు

రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వోద్యోగాలలో సమాన అవకాశాన్ని హామీ ఇచ్చింది. 309వ అధికరణ సర్వీసు నిబంధనలు చేసే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. పదోన్నతి ప్రతిభకా, సీనియారిటీకా అన్నది మాత్రం రాజ్యాంగం చెప్పలేదు. అది నిబంధనలకు, వాటి మీద వివాదం వస్తే కోర్టులకు మిగిలింది.

రాజస్థాన్‌కు చెందిన ఒక ఐపీఎస్ అధికారి కేసులో, అంటే సంత్‌రామ్ శర్మ కేసులో, 1967లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఎంపిక ద్వారా నింపే ఉన్నత పదవులకు జాబితాలో పేరు ముందున్నంత మాత్రాన హక్కు రాదని, ప్రతిభను ప్రధానంగా చూడవచ్చని చెప్పింది. సీనియారిటీ పద్ధతి నిష్పక్షపాతంగా ఉంటుంది గాని సమర్థులకు న్యాయం చేయదన్న భావాన్ని కూడా ఆ తీర్పు ప్రస్తావించింది.

కాలక్రమంలో రెండు సూత్రాలు స్థిరపడ్డాయి. 'ప్రతిభ–సీనియారిటీ' సూత్రంలో ప్రతిభకు ప్రాధాన్యం. ఇద్దరు సమానంగా ఉన్నప్పుడే సీనియారిటీ లెక్కలోకి వస్తుంది. 'సీనియారిటీ–ప్రతిభ' సూత్రంలో ముందు కనీస ప్రమాణం చూస్తారు. దాన్ని అందుకున్నవారిలో సీనియర్‌కే పదవి. జూనియర్ మరింత సమర్థుడైనా ఆగవలసిందే.

రెండో సూత్రానికి స్పష్టమైన నిర్వచనం వచ్చిన ప్రధాన కేసు మన ప్రాంతానిదే. రాయలసీమ గ్రామీణ బ్యాంకుతో సహా కొన్ని ప్రాంతీయ గ్రామీణ బ్యాంకుల పదోన్నతులపై బి.వి. శివయ్య కేసులో 1998లో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. నిబంధన 'సీనియారిటీ–ప్రతిభ' అని చెబుతున్నప్పుడు, సర్వీసుకు, ఇంటర్వ్యూకు, పనితీరుకు మార్కులు వేసి అన్నీ కూడి, ఎక్కువ మొత్తం వచ్చినవారిని ఎంపిక చేయడం తప్పని కోర్టు చెప్పింది. అలా చేస్తే సీనియారిటీ పేరుకే మిగులుతుంది. బ్యాంకు పని నడవడానికి అవసరమైన కనీస ప్రతిభను ముందే నిర్ణయించి, దాన్ని అందుకున్నవారిని సీనియారిటీ వరుసలో తీసుకోవాలి. ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల తెలుగు పరీక్షలో మనం చూసిన 'కనీస ప్రమాణం' ఆలోచనకు ఇది ఆధునిక రూపం.

రిజర్వేషన్లు ఈ చర్చకు మరో కోణాన్ని చేర్చాయి. 1992 ఇంద్రా సహానీ తీర్పు 16(4) అధికరణ కింద పదోన్నతులలో రిజర్వేషన్ చెల్లదంది. పార్లమెంటు 1995లో 77వ సవరణ ద్వారా 16(4ఎ) అధికరణను చేర్చి షెడ్యూల్డు కులాలు, తెగలకు దాన్ని కల్పించే వీలు ఇచ్చింది. 2001లో 85వ సవరణ అలా పొందిన పదోన్నతితో వచ్చే సీనియారిటీని కూడా రక్షించింది. ఇక్కడ అసలు ప్రశ్న 1793 నాటిదే: జాబితాలోకి, దాని పై మెట్లకు చారిత్రకంగా ఎవరిని రానివ్వలేదు?

5.7 1973: 'ప్రతిభ' పేరు మాటున

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు 7–6 మెజారిటీతో రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని తీర్పు చెప్పింది. ఆ మరునాడే కేంద్ర ప్రభుత్వం కొత్త ప్రధాన న్యాయమూర్తిగా జస్టిస్ ఎ.ఎన్. రేను ప్రకటించింది. ఆయనకంటే సీనియర్లయిన జస్టిస్ షేలత్, జస్టిస్ హెగ్డే, జస్టిస్ గ్రోవర్‌లను పక్కన పెట్టింది. ఈ ముగ్గురూ ప్రభుత్వ వాదనను తిరస్కరించిన మెజారిటీలో ఉన్నవారు. రే మైనారిటీలో ఉన్నవారు. ముగ్గురూ రాజీనామా చేశారు.

ప్రభుత్వం తరఫున కేంద్రమంత్రి మోహన్ కుమారమంగళం పార్లమెంటులో ఈ చర్యను సమర్థించారు. ప్రధాన న్యాయమూర్తిని కేవలం సీనియారిటీ బట్టి కాక యోగ్యతను బట్టి ఎంచుకోవాలని ఎం.సి. సెతల్వాడ్ అధ్యక్షతన లా కమిషన్ 1958లోనే తన 14వ నివేదికలో సిఫారసు చేసిందని గుర్తుచేశారు. ఆ సిఫారసు నిజమే. దాని ఉద్దేశం మంచిదే. కాని న్యాయస్థానాన్ని పటిష్ఠం చేయడానికి ఇచ్చిన సలహా, ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పిచ్చినవారిని తప్పించడానికి అక్కరకు వచ్చింది. 1977 జనవరిలో ఇదే మళ్లీ జరిగింది. అత్యవసర పరిస్థితిలో పౌరుడి ప్రాణ స్వేచ్ఛల కోసం ఒంటరిగా అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాను కాదని జూనియర్ అయిన జస్టిస్ ఎం.హెచ్. బేగ్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఖన్నా రాజీనామా చేశారు.

అందువల్లనే 1993లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, అర్హుడైన పక్షంలో సీనియర్‌మోస్ట్ న్యాయమూర్తే ప్రధాన న్యాయమూర్తి కావాలనే సంప్రదాయాన్ని తిరిగి నిలబెట్టింది. న్యాయమూర్తులలో సీనియరే అందరికంటే ప్రతిభావంతుడని ఎవరూ అనలేదు. 'ప్రతిభ' అనే మాటను ప్రభుత్వం చేతికి ఇస్తే ప్రమాదమని మాత్రమే గుర్తించారు.

5.8 ఆంధ్రప్రదేశ్: రెండు జాబితాలు ఒకటైనప్పుడు

సీనియారిటీ అంటే వివాదం లేని లెక్క అనుకుంటే పొరపాటు. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణ జిల్లాలు ఆంధ్ర రాష్ట్రంతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రెండు రాష్ట్రాల ఉద్యోగులకు వేర్వేరు హోదాలు, వేర్వేరు జీతాలు, వేర్వేరు నియమాలు. ఒకవైపు మద్రాసు ప్రెసిడెన్సీ వారసత్వం, మరోవైపు నిజాం ప్రభుత్వ వారసత్వం. ఏ హోదాను ఏ హోదాతో సమానం చేయాలి? ఏ తేదీ నుంచి లెక్కించాలి? ఈ ప్రశ్నలకు సమాధానాన్ని బట్టి ఒకరు జాబితాలో పైకి, మరొకరు కిందికి వెళతారు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం 115వ సెక్షన్ ఉద్యోగుల విలీనంలో న్యాయమైన వ్యవహారం జరిగేలా చూసే బాధ్యతను కేంద్రం మీద పెట్టింది. అయినా వివాదాలు ఏళ్ల తరబడి సాగాయి.

1969 తెలంగాణ ఉద్యమంలో విద్యార్థులతో పాటు ఉద్యోగులు కూడా ముందువరుసలో నిలిచారు. నియామకాలు, పదోన్నతులు వారి ఫిర్యాదులలో ప్రధానమైనవి. 1972లో ముల్కీ నిబంధనలను సుప్రీంకోర్టు సమర్థించిన తరువాత జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. 1973 ఆరు సూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 371డి అధికరణ, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు ఈ అశాంతికి సమాధానంగా వచ్చినవే. 371డి అధికరణ కింద ఏర్పడిన పరిపాలనా ట్రిబ్యునల్‌కు అప్పగించిన విషయాలలో నియామకం, పదోన్నతి, సీనియారిటీ ముఖ్యమైనవి. ఒక గుమాస్తా పేరు జాబితాలో 40వ స్థానంలో ఉండాలా, 70వ స్థానంలో ఉండాలా అన్న ప్రశ్న రాజ్యాంగ సవరణ దాకా వెళ్లగలదని మన ప్రాంత చరిత్రే చెబుతున్నది.

5.9 రహస్య నివేదిక నుంచి బహిరంగ నివేదికకు

ప్రతిభను కొలవడానికి ప్రభుత్వ కార్యాలయాలలో చాలాకాలం వాడిన సాధనం వార్షిక రహస్య నివేదిక. పై అధికారి రాస్తాడు, ఉద్యోగికి చూపరు. ప్రతికూల వ్యాఖ్య ఉంటేనే తెలియజేసేవారు. 'బాగుంది' అన్న మాట వినడానికి మెచ్చుకోలే. కాని పదోన్నతికి 'చాలా బాగుంది' అవసరమైనచోట ఆ మెచ్చుకోలే ఉద్యోగి కొంప ముంచుతుంది. 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు ఎదుటికి వచ్చింది సరిగ్గా ఇదే. మంచిదైనా, చెడ్డదైనా, నివేదికలోని ప్రతి అంచనాను ఉద్యోగికి తెలియజేయాలని, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. 2009లో కేంద్ర ప్రభుత్వం పేరుతో సహా పద్ధతిని మార్చి, వార్షిక పనితీరు మదింపు నివేదికను పూర్తిగా ఉద్యోగికి చూపించే విధానం తెచ్చింది.

ప్రతిభా సూత్రం చరిత్రలో 1855 పోటీ పరీక్ష తరువాత అంతటి ముఖ్యమైన మార్పు ఇదేనని నా అభిప్రాయం. ట్రెవెల్యాన్ కాలంలో ఉద్యోగుల అపనమ్మకానికి కారణం తీర్పరి ఎదురుగా ఉన్నా తీర్పు కనిపించకపోవడం. తీర్పు కనిపించి, దానిని ప్రశ్నించే వీలున్నప్పుడే ప్రతిభ అన్న మాటకు గౌరవం వస్తుంది. ప్రైవేటు సంస్థలలో పనిచేసే విద్యార్థులు తమ సంస్థలోని వార్షిక మదింపును ఈ కొలతతో పరీక్షించి చూడవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. 'సీనియారిటీ–ప్రతిభ', 'ప్రతిభ–సీనియారిటీ' సూత్రాల మధ్య తేడా ఏమిటి?
2. 1958 లా కమిషన్ సిఫారసును 1973లో ఏ విధంగా ఉపయోగించుకున్నారు?

5.10 సారాంశం

సీనియారిటీ సూత్రం కంపెనీ కాలంలో సిఫారసులకు అడ్డుకట్టగా వచ్చింది. బెంగాల్ సైన్యంలో అదే సూత్రం చురుకుదనాన్ని చంపింది. 1853–55 మార్పులు నియామకంలో ప్రతిభను నిలబెట్టాయి గాని, పదోన్నతిలో ప్రతిభను ఎవరు తూచాలన్న ప్రశ్న మిగిలిపోయింది. వలస పాలనలో ఆ తక్కెడ జాతి వివక్ష వైపు మొగ్గింది. 1973లో రాజకీయ అవసరం వైపు మొగ్గింది. సీనియారిటీ కూడా నిర్వివాదమైన లెక్క కాదని 1956 తరువాతి మన రాష్ట్ర అనుభవం చూపింది.

కాబట్టి "ప్రతిభా, సీనియారిటీయా?" అని అడిగే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. జాబితాలోకి అందరికీ దారి ఉందా? ప్రతిభను నిర్ణయించేది ఎవరు, ఏ ఆధారంతో? ఆ నిర్ణయాన్ని ఉద్యోగి చూడగలడా, ప్రశ్నించగలడా? వీటికి తృప్తికరమైన సమాధానం ఉన్నచోట ప్రతిభకు పెద్దపీట వేయడం న్యాయమే. లేనిచోట ప్రతిభ గురించి ఎంత మాట్లాడినా ఉద్యోగి తన సర్వీసు రిజిస్టరులోని చేరిక తేదీనే నమ్ముకుంటాడు. రెండు శతాబ్దాల చరిత్ర చూసినవారు అతన్ని తప్పుపట్టలేరు.

5.11 ముఖ్య పదాలు

ఒప్పంద ఉద్యోగులు: కంపెనీతో నియమబద్ధమైన ఒప్పందం చేసుకుని ఉన్నత సివిల్ పదవులలో పనిచేసినవారు.
ఆశ్రితపక్షపాతం: తమను ఆశ్రయించినవారికి, బంధువులకు అర్హతతో నిమిత్తం లేకుండా పదవులివ్వడం.
సూపర్‌సెషన్: సీనియర్‌ను కాదని జూనియర్‌కు పై పదవి ఇవ్వడం.
కనీస ప్రమాణం: పై పదవికి పరిగణించడానికి ఉద్యోగి అందుకోవలసిన అతి తక్కువ అర్హతా స్థాయి.

5.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఈస్టిండియా కంపెనీ పాలనలో సీనియారిటీ సూత్రం పుట్టుకను, దాని పరిణామాలను విశ్లేషించండి.
2. "ప్రతిభను ఎవరు నిర్ణయిస్తారన్నదే అసలు ప్రశ్న." 1883, 1973 నాటి సంఘటనల ఆధారంగా చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నార్త్‌కోట్–ట్రెవెల్యాన్ నివేదిక పదోన్నతుల గురించి ఏమి చెప్పింది?
2. 1956 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో సీనియారిటీ వివాదాలకు కారణాలేమిటి?
3. రహస్య నివేదిక విధానంలో 2008 తీర్పు తెచ్చిన మార్పును వివరించండి.